నీళ్లూ పెట్రోలూ తాగే ఒక ట్రక్‌మౌంట్ ఆత్మకథ

డాలస్‌లో ఒక ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాను వెనక తలుపులు తెరిస్తే దాని ఒళ్లంతా కనిపిస్తుంది: పెట్రోలు ఇంజను, పీల్చే బలమిచ్చే బ్లోయరు, పంపు, మురికినీళ్ల ట్యాంకు. ఇళ్లలోని కార్పెట్లను వేడినీళ్లతో కడిగి, ఆ నీళ్లను మళ్లీ పీల్చేసుకునే ట్రక్‌మౌంట్ అది. వయసెంతని అడిగితే ఏళ్లు చెప్పదు. ప్యానెల్ మీది అవర్ మీటరు చూసుకోమంటుంది.

వంశం గురించి మాత్రం గొప్పగానే చెప్పుకుంటుంది. ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ తీసుకున్న పద్ధతే ఈనాటికీ దాని బ్లోయరులో తిరుగుతోంది. నీళ్లను 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటించడానికి వేరే హీటరు అక్కర్లేదు, ఇంజను పారేసే వేడే చాలు. అమ్మినవాళ్లు ఈ మాటే పదేపదే చెప్పారు. నిజమే! కానీ ఆ వేడి పుట్టాలంటే ఇంజను తిరగాలి, తిరగాలంటే పెట్రోలు తాగాలి.

తాగుడు గంటకు సుమారు గ్యాలనున్నర. రోజుకు నాలుగు గంటలు పనిచేస్తే ఆరు గ్యాలన్లు. 2022 జూన్‌లో అమెరికా సగటు ధర గ్యాలనుకు 5 డాలర్లు దాటింది. ఆ లెక్కన రోజుకు 30 డాలర్లు దాని నోటికే. ఇంటింటికీ తిరిగే వ్యాను పెట్రోలు అదనం. 100 గ్యాలన్ల ట్యాంకు నిండితే నీళ్లే దాదాపు 380 కిలోలు. అంత బరువు మోసే వ్యాను మాత్రం ఊరికే మోస్తుందా?

అయితే యజమానిని నిజంగా ముంచేది పెట్రోలు కాదంటుంది ట్రక్‌మౌంట్. నురుగు! ఎవరో ఎప్పుడో కార్పెట్‌లో వదిలేసిన షాంపూ వేడినీళ్లు తగలగానే పొంగుతుంది. ట్యాంకు నిండితే ఇంజను ఆపాల్సిన ఫ్లోటుకు నురుగు ఆనదు. అది నేరుగా బ్లోయరులోకి దూరుతుంది. లోపల తుప్పు పడితే, శనాదివారాలు ఊరికే నిలబడి సోమవారం పొద్దున బ్లోయరు బిగుసుకుపోతుంది. కొత్తది కొనాలంటే వేల డాలర్లు. నురుగు చంపే మందు డబ్బా, సాయంత్రం బ్లోయరులోకి కొట్టే కాస్త ఆయిలు స్ప్రే దీని ముందు ఏపాటి? అలసిపోయి ఇంటికెళ్లే కుర్రాడు సరిగ్గా ఆ రెండు నిమిషాల పనే మానేస్తాడు.

ఇంజను ఆయిలు, బెల్టులు, పంపు సీళ్లు గంటల లెక్కన మారుస్తూనే ఉండాలి. కఠిన జలమైతే హీట్ ఎక్స్‌ఛేంజరులో సున్నపు పొర కడుతుంది. అది యాసిడ్ మందుతో దిగుతుంది, లేదా ముందే సాఫ్టెనరు పెట్టుకోవాలి.

2021 ఫిబ్రవరి 16 దానికి మరో జన్మ. డాలస్‌లో ఆ రోజు ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. వ్యానులో కరెంటు హీటరు పెట్టానన్న ధీమాతో యజమాని నిద్రపోయాడు. కరెంటే పోయింది. లోపలి నీళ్లు గడ్డకట్టి పంపు పగిలింది, గొట్టాలు చీలాయి. చలికాలం రాత్రి నీళ్లు ఖాళీ చేసి యాంటీఫ్రీజ్ తిప్పడం అతనికి అప్పటినుంచి అలవాటైంది. డాలస్‌లో చలేమిటని కొట్టిపారేసేవాళ్లు ఇంకా ఉన్నారు, అది వేరే సంగతి.

ఇక మురికినీళ్లు. వానకాలువలో పారబోయడం నేరం. మురుగు పైపులోకే పోవాలి. అందుకు పట్టే సమయానికి రశీదు రాదు గానీ, అదీ ఖర్చే.

పాతిక, ముప్పై వేల డాలర్లు పోసి ఇలాంటిది కొన్నవాడు కొన్న ధరను వాయిదాల్లో తీర్చేస్తాడు. నడిచిన ప్రతి గంటకూ కొంత పక్కన పెట్టనివాడు మాత్రం రెండో బ్లోయరు దగ్గర దుకాణం మూసేస్తాడని ఈ ట్రక్‌మౌంట్ తీర్పు.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తూ కార్పెట్ కడిగించే తెలుగువాళ్లకు అది చెప్పేది ఒకటే: బేరమాడండి, తప్పులేదు. గదికి మరీ చవగ్గా చేస్తామన్నవాళ్లను మాత్రం, మురికినీళ్లు ఎక్కడ పోస్తారో కూడా ఒక మాట అడగండి.