అలకపాన్పు ఎక్కిన నడుం

మా ఇంట్లో ఒక అల్లుడున్నాడు. నాకు కూతుళ్ళు లేరు. ఉన్నది ఒక్క కొడుకు, వాడికింకా పెళ్ళి కాలేదు. అయినా అల్లుడున్నాడు. ఎప్పుడు అలుగుతాడో తెలీదు, ఎందుకు అలిగాడో చెప్పడు, ఏం పెడితే దిగొస్తాడో ఎవరికీ అంతుపట్టదు. పొమ్మనడానికి లేదు, ఇల్లరికం. ఆ అల్లుడు నా నడుం.

కథ ఆవకాయతో మొదలైంది. మూడేళ్ళ కిందటి వేసవిలో అమలాపురం వెళ్ళి, రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరిగొస్తూ అమ్మ పెట్టిన జాడీ ఒకటి, పాతిక కిలోల సోనామసూరి బస్తా ఒకటి వెంట తెచ్చుకున్నాను. ఢిల్లీలో బియ్యం దొరకవా అని అడిగేవాళ్ళు ఢిల్లీలో కాపురం చెయ్యనివాళ్ళు. న్యూఢిల్లీ స్టేషన్లో కూలీ చెప్పిన రేటు నాకు నచ్చలేదు. బస్తా నేనే ఎత్తి మూడొందలు మిగిల్చాను. వంగి లేచేసరికి ఎక్కడో ‘టప్’ మంది. జాడీ పగిలిందనుకుని గుండె జారిపోయింది. జాడీకేం కాలేదు.

వెన్నెముకలో పూసకీ పూసకీ మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి, అవే డిస్కులు. మొత్తం 23. స్కాన్ చూపిస్తూ డాక్టరుగారు “జెల్లీ నింపిన డోనట్ అనుకోండి” అన్నారు. నేను పూర్ణం బూరె అనుకున్నాను. పైన తోపు గట్టిగా ఉన్నంతకాలం బూరెకి ఢోకా లేదు. మూకుట్లో చిట్లిందా, పూర్ణం బయటపడి నూనంతా చిటపటలాడి, పక్క బూరెలు కూడా మాడతాయి. డిస్కు చిట్లినా ఇదే వరస. లోపలి గుజ్జు నరాన్ని నొక్కడం ఒక ఎత్తు, తగిలిన చోటల్లా వాపూ మంటా పుట్టించడం ఇంకో ఎత్తు. నడుంలో చిట్లిన బూరెకీ కాల్లో లాగే నొప్పికీ ఉన్న చుట్టరికాన్ని బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ 1934లో తేల్చి చెప్పారు. నా బూరె ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ పూసల మధ్య చిట్లింది, నొప్పి కాల్లోకి దిగింది, ఆపరేషన్ తప్పలేదు.

ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు రెండు ముక్కలు చెప్పారు. “కాలి నొప్పి పోతుంది. నడుం నొప్పికి మాత్రం నేను హామీ ఇవ్వలేను.” నేను మొదటి ముక్క విని సంతకం పెట్టేశాను. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఉద్యోగం గురించి విని, కోపం గురించి వినని మామగారిలాగ.

ఆయన మాట తప్పలేదు. మత్తు దిగేసరికి కాలి నొప్పి మాయం. నెల తిరిగేసరికి నడుం అలకపాన్పు ఎక్కింది. ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఎక్కుతుంది.

ఆపరేషన్ తరవాత కూడా మిగిలిపోయే ఈ నొప్పికి వైద్యులు చాలాకాలం ‘ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్’ అని పేరు పెట్టుకున్నారు. పరీక్ష తప్పిన పిల్లాడి మార్కుల షీటులా ఉందనుకున్నారో ఏమో, 2021లో నిపుణులు కూర్చుని ‘పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్’ అని మార్చారు. పేర్లు మారడం మనకి కొత్త కాదు. 2022లో మా రాజ్‌పథ్ కర్తవ్య పథ్ అయింది, ఇండియా గేటు చుట్టూ ట్రాఫిక్ అలాగే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్లోనే మా అమలాపురం తూర్పు గోదావరి లోంచి కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. అంతవరకూ ఆంధ్రా భవన్ క్యాంటీన్ లైన్లో ముందు నుంచున్నాయన వెనక్కి తిరిగి “మీదే జిల్లా అండీ?” అంటే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు “అదివరకైతే తూర్పు గోదావరండీ” అని మొదలెట్టేసరికి లైను కదిలిపోతోంది. నొప్పిదీ అదే తంతు. పేరు మారింది, మకాం మారలేదు.

ఇంట్లో అల్లుడు అలిగితే ఊరంతా సలహాదార్లే. పక్కింటి పంజాబీ ఆంటీ “బేటా, సర్సోఁ కా తేల్!” అంటూ ఆవనూనెలో వెల్లుల్లీ వామూ వేసి కాచిన సీసా తెచ్చిచ్చింది. ఇది తెలిసి అమలాపురం నుంచి అమ్మ ఫోను. “ఒరేయ్ నాన్నా, ఆవనూనేంట్రా, ఒళ్ళు మండిపోతుంది. నువ్వుల నూనె రాసుకుని, వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టించుకో.” మయూర్ విహార్‌లో వావిలాకు ఎక్కడని తేను? మా ఆవిడ మధ్యవర్తిత్వం నెరిపింది. పొద్దున ఉత్తరాది నూనె, రాత్రి దక్షిణాది నూనె. పైన తన వాటాగా పసుపు పట్టు. మూడోనాడు మా అబ్బాయి గదిలోకొచ్చి గాలి పీల్చి “అమ్మా, ఇవాళ పనసపొట్టు ఆవపెట్టావా?” అని అడిగాడు.

మా బావగారు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమన్నారు. “అది విరిగిన ఎముకలకి కదండీ” అన్నాను. “నడుంలో ఎముకల్లేవా ఏంటి?” అన్నారు. వైద్యశాస్త్రం దగ్గర దీనికి జవాబుందేమో, నా దగ్గర లేదు.

పట్టుతో పాటు మా ఆవిడ తాగించే పసుపు పాల సంగతికొస్తే, 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్ళు ఒక పరిశోధన అచ్చేశారు. పసుపులోని కర్కుమిన్ ఒట్టిగా మింగితే ఒంటికి పట్టేది బహు కొంచెం, మిరియాల్లోని పైపరిన్ జత చేస్తే పట్టడం ఎన్నో రెట్లు పెరుగుతుందని తేల్చారు. ఒంటికి పట్టినంత మాత్రాన నొప్పి పోతుందని కాదనుకోండి. అమ్మకి ఇదంతా విజ్ఞానశాస్త్రంలాగ వివరించి చెప్పాను. అంతా విని “నీ చిన్నప్పుడు జలుబు చేస్తే పాలల్లో నేను వేసిందేంట్రా, ఆవాలా?” అంది.

ఇక మాత్రలు. వాపు తగ్గించే మాత్ర మొదట్లో దేవుడిలా కనబడింది. తరవాత దాని చరిత్ర చదివాను. పేరు డైక్లోఫినాక్. పశువులకి ఈ మందు వేసేవారు, ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులకి కిడ్నీలు పాడై రాలిపోయేవి. కారణం ఇదేనని 2004లో బయటపడింది, 2006లో మన ప్రభుత్వం పశువుల వాడకానికి దీన్ని నిషేధించింది. అప్పటికే దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. రావణుణ్ణి ఎదిరించి పోరాడిన జటాయువు వంశం మాత్ర దెబ్బకి కూలిందన్నమాట. అదే మందు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నేను వేసుకునేవాణ్ణి. మనుషుల సంగతి వేరు, కానీ మా డాక్టరుగారు కూడా “అలక మరీ ముదిరినప్పుడు నాలుగురోజులు, అంతే. కడుపూ కిడ్నీలూ కూడా మీవే” అన్నారు. అప్పటినించీ ఆ అట్టని చుట్టాలకి తీసే వెండి కంచంలాగ దాచి వాడుతున్నాను.

ఢిల్లీ చలికాలం మాకు వేరే పరీక్ష. నవంబరు పొగలో ఊరంతా తుమ్ముతుంది. ‘తుమ్మితే ఊడే ముక్కు’ అని సామెత విన్నాం గానీ తుమ్మితే ఊడే నడుం గురించి పెద్దలెవరూ చెప్పలేదు. తుమ్ము వచ్చేముందు మనిషికి క్షణమో అరక్షణమో వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో నేను చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి, గోడకి చెయ్యి ఆన్చి, మోకాళ్ళు కొంచెం వంచి, పొట్ట బిగించి, అప్పుడు తుమ్ముతాను. చూసినవాళ్ళు గోడ పడిపోకుండా పట్టుకున్నాననుకుంటారు. ఒక్కోసారి ఇంత ఏర్పాటూ చేశాక తుమ్ము రాదు. అంతకంటే అవమానం లేదు.

వ్యాయామం చేయించేది రోహ్‌తక్ కుర్రాడు. నన్ను ‘తాఊ’ అంటాడు, అంటే పెదనాన్నా అని. “తాఊ, ఔర్ జోర్ లగా!” అని వాడు అరుస్తుంటే అఖాడాలో కుస్తీకి దింపుతున్నాడేమోనని భయమేస్తుంది. బోర్లా పడుకుని, మోచేతుల మీద లేచి, పాము పడగెత్తినట్టు తలెత్తడం అందులో ముఖ్యం. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1956లో న్యూజీలాండ్ వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి స్మిత్ అనే రోగి వచ్చాడు. వెళ్ళి బోర్లా పడుకోమన్నారు. ఆ బల్ల తలవైపు ఎత్తి ఉందని ఎవరూ చూసుకోలేదు. నడుం వెనక్కి వంగిపోయి పడున్న ఆ మనిషిని కాసేపటికి మెకెంజీ చూసి హడలిపోయాడట. రోగి మాత్రం వారాల తరబడి ఇంత హాయిగా లేనన్నాడు. అక్కణ్ణించి ఒక పద్ధతే పుట్టింది. ఎవరో బల్ల సరిచెయ్యడం మర్చిపోతే లోకానికి ఒక వైద్యం దొరికింది. నేను బీరువా తలుపు వెయ్యడం మర్చిపోతే మాత్రం తిట్లు దొరుకుతాయి.

వ్యాయామం కట్టిన ఇంటిని స్పీడ్ బ్రేకరు కూలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా ఉండాలి. మా సందు చివర ఉన్నది పోసినవాళ్ళు ఈ అంకెలు చదివారు గానీ వెడల్పుదీ ఎత్తుదీ తారుమారు చేసుకున్నట్టున్నారు. దాని మీదుగా ఈ-రిక్షాలో వెళ్ళడమంటే రోట్లో కూర్చుని రోకటిపోటు తినడమే. నేను “భయ్యా, ధీరే!” అని కేకేస్తాను. అతను వెనక్కి తిరిగి “క్యా కహా?” అని అడుగుతాడు, ముందున్న గుంత చూసుకోడు. ఇంటినించి మెట్రో స్టేషన్‌కి స్పీడ్ బ్రేకర్లు పదకొండు. కళ్ళు మూసుకుని చెప్తాను, నడుం లెక్కపెట్టుకుంటుంది.

ఇలా ఏకరువు పెడుతున్న నాకు వసంత్ కుంజ్ మీదుగా వెళ్ళిన ప్రతిసారీ నోరు పడిపోతుంది. అక్కడ ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది. దాన్ని పెట్టిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లువాలియా 1965 మేలో ఎవరెస్టు ఎక్కారు. అదే ఏడాది యుద్ధంలో వెన్నులో తూటా దిగి, మిగిలిన జీవితం చక్రాల కుర్చీలోనే గడిచింది. ఆ కుర్చీలోంచే తనలాంటివాళ్ళ కోసం ఆసుపత్రి లేపారు. 2022 జనవరిలో పోయారు. ఎవరెస్టు ఎక్కి దిగినాయన వెన్ను ఆయన్ని అలా చేస్తే ఆసుపత్రి కట్టారు. బియ్యం బస్తా ఎత్తిన నేను వ్యాసం రాస్తున్నాను.

అంచేత ఇప్పుడు అల్లుడితో ఒక ఒప్పందానికొచ్చాను. అరగంటకోసారి కుర్చీలోంచి లేస్తాను, ఆఫీసులో మీటింగు మధ్యలోనైనా సరే. మొదట్లో నేను ప్రతి విషయానికీ అభ్యంతరం చెప్పడానికే లేస్తున్నానని మా పై అధికారి అనుకునేవారు. పొద్దున పార్కులో నలభై నిమిషాల నడక, గాలి మరీ పాడైన రోజున వరండాలో. బకెట్టు నిండా నీళ్ళు మొయ్యను, రెండు సగాలు మోస్తాను. రాత్రి వేడినీళ్ళ సంచీ. నొప్పి పెరిగితే మంచానికి అతుక్కుపోను, మెల్లగానైనా తిరుగుతాను. ఇవన్నీ చేస్తే నొప్పి పోతుందా అంటే పోదు. పదికి ఏడుండేది మూడుకొచ్చి కూర్చుంటుంది. కానీ అలక వేరు, అఘాయిత్యం వేరు. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా సలహాలూ నూనెలూ అవతల పారేసి ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తమని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. దాన్ని ఆవకాయ జాడీ కనబడే చోటే అంటించింది మా ఆవిడ.

మొన్న ఆదివారం ఆంధ్రా భవన్‌లో భోంచేద్దామని మెట్రో ఎక్కాను. నడుంకి బెల్టు ఉంది, దాన్లో ఉక్కు పట్టీలుంటాయి కాబట్టి తనిఖీ దగ్గర ఎప్పట్లాగే కూతేసింది, ఎప్పట్లాగే చొక్కా ఎత్తి చూపించాను. లోపల ఒక కుర్రాడు “అంకుల్ జీ, బైఠియే” అని లేచాడు. వద్దన్నాను. మొహమాటమనుకుని చెయ్యి పట్టుకు లాగాడు. వాడికేం చెప్పను? 1960ల్లో స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టరు బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది దింపి ఒత్తిడి కొలిచి, నిలబడితే 100 అనుకుంటే కూర్చుంటే 140 అని లెక్కతేల్చాడనీ, తరవాత వచ్చినవాళ్ళు ఆ లెక్క సవరించినా నా నడుం పాత లెక్కనే నమ్ముకుందనీ యమునా బ్యాంక్ వచ్చేలోపల హిందీలో చెప్పగలనా?

అప్పుడు చూశాను. తలుపు పక్కన ఇంకొకాయన. ఖాళీ సీటు ఎదురుగా ఉన్నా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని, ఒక మోకాలు రవ్వంత వంచి, ముక్కు దగ్గర తుమ్ము ఆడుతున్నవాడిలా జాగ్రత్తగా నిలబడ్డాడు. చొక్కా కింద నడుం చుట్టూ ఉబ్బెత్తుగా అంచు. సర్దార్జీ. భాష వేరు, ఊరు వేరు. అయినా నా చూపు పడ్డచోటు ఆయన చూసుకున్నాడు, ఆయన చూపు పడ్డచోటు నేను చూసుకున్నాను.

“ఎల్ ఫోర్–ఫైవ్” అన్నాను, నా బెల్టు తట్టుకుని.

ఆయన మొహం విప్పారింది. “ఫైవ్–ఎస్ వన్ జీ!”

అయితే పక్క జిల్లాయే.