చెవితో కొనే వాక్యూమ్ క్లీనర్

ఎర్రగడ్డ ఆదివారం సంతకు తెల్లారకుండానే పరుగెత్తకండి. మిట్టమధ్యాహ్నం వెళ్తే మంచివన్నీ రిపేరు తెలిసినవాళ్లు ఎత్తుకుపోయి ఉంటారు. ఏరుకునే బాధ మీకు తప్పుతుంది. మిగిలినవాటిలో అటకల మీంచి దిగిన పాత యూరోక్లీన్ వాక్యూమ్ క్లీనర్లు ఉంటాయి. 1980లలో మెడకు టై కట్టుకుని ఇంటింటికీ వచ్చిన కుర్రాళ్లు, పరుపులోంచి దుమ్ము లాగి చూపించి, ఇల్లాలికి సిగ్గేసేలా చేసి అమ్మిన సరుకు. అప్పుడు కళ్లతో చూసి కొన్నారు కాబట్టే అటకెక్కింది. మీరు చెవితో కొనండి.

ప్లగ్గు ఎక్కడుందని అడిగి అమ్మేవాణ్ని నొప్పించొద్దు. "ఇంటికి పోయి పెట్టుకోండి సార్, మస్తు నడుస్తది" అంటాడు. ఆ మాట రసీదుతో సమానం. ఒకవేళ కరెంటు దొరికిందా, అన్నిట్లోకీ ఎక్కువ కీచుమనేది తీసుకోండి. గొట్టంలో ఏ సాక్సో ఇరుక్కుంటే లాగే గాలి తగ్గి, మోటారుకు బరువు తగ్గి, మరింత జోరుగా తిరుగుతుందనీ, ఆ కీచు అందుకే వస్తుందనీ తెలిసినవాళ్లు చెబుతారు. గొట్టం ఊడదీసి వెలుతురుకు పట్టి చూడమంటారు. పరాయివాళ్ల సాక్సులు మనకెందుకు?

బ్యాగు నిండినా, ఫిల్టరు పూడినా ఇదే పాట. ఈ మిషన్లలో చాలావాటికి లాగిన గాలే మోటారును చల్లబరుస్తుంది. అది ఆడక మోటారు కాగిపోతే లోపలున్న చిన్న థర్మల్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. బ్యాగు దులపమని దాని భావం. మీరు మాత్రం స్విచ్చే పనిదొంగ అని తేల్చండి. దాన్ని పీకేసి రెండు వైర్లూ ముడేస్తే ఇక ఆగమన్నా ఆగదు, పొగ వచ్చేదాకా.

కొత్త బ్యాగు దొరకలేదని దిగులుపడొద్దు. పాత చీర ముక్క కుట్టి తగిలించండి. సంక్రాంతి వెళ్లాక వాకిట్లో ముగ్గుపిండి, దేవుడి గదిలో విభూతి, గోడలకు లప్పం రుద్దినప్పటి దుమ్ము, అన్నీ దీనితోనే లాగండి. ముందునుంచి లోపలికి వెళ్లిన పిండి వెనకనుంచి బయటికి వస్తుంది. నేల మీది దుమ్మును బీరువా మీదికి చేర్చే యంత్రం ఇంత చవగ్గా ఎక్కడ దొరుకుతుంది?

ఇక మోటారు. వెనక నీలిరంగు రవ్వలు కనబడితే కార్బన్లు అరిగాయన్నమాట. కోఠీకో రాణీగంజ్‌కో పాతవి పట్టుకెళ్లి, అదే కొలతవి జత కొని, రెండూ కలిపి మార్చడం మెకానిక్కుల చాదస్తం. మీ వంటింట్లో మిక్సీ లేదూ? దాని మోటారుదీ ఇదే జాతి. అందులోంచి ఒక్క కార్బన్ తీసి, గరుకు కాగితం మీద అరగదీసి, గూట్లో దూర్చండి. వదులుగా ఉంటే అగ్గిపుల్ల అడ్డం పెట్టండి. కామ్యుటేటర్ మీద గాట్లు పడేకొద్దీ రవ్వలు పెరిగి, దీపావళి ముందే వస్తుంది. ఆ పూట పచ్చడి రోట్లో నూరుకుంటారు. రుచి ఎక్కువని అందరూ అనేదేగా.

గరగరమని శబ్దం వస్తే బేరింగు పోయినట్టు. చాలా మిషన్లలో ఉండేది 608 నంబరే. పిల్లల స్కేటింగ్ చక్రాల్లో ఉండేదీ అదే. కొత్తది వేస్తే సరిపోతుంది, కాబట్టి మీరు కొబ్బరినూనె పోయండి. నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరిగే ఇరుసు ఆ నూనెను లోపలంతా చిమ్మి, దుమ్ముతో కలిపి ముద్ద చేస్తుంది. గరగర ఆగుతుంది. మోటారూ ఆగుతుంది.

అసలు మోత వినాలనుంటే అమెరికా మిషన్ సంపాదించండి. డాలస్‌లో గరాజ్ సేల్‌లో కొని అల్లుడు సూట్‌కేసులో తెచ్చింది. దాని మీద 120 వోల్టులని రాసి ఉంటుంది, మన గోడలో వచ్చేది 230. పిన్నులు మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదనీ, కిలోవాటు దాటిన మిషన్‌కు దానంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలనీ ఎలక్ట్రీషియన్ గొణుగుతాడు. అడాప్టరు పెట్టేసి స్విచ్ వెయ్యండి. వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఎం.సి.బి. పడిపోయి, ఇల్లంతా కాలిన వాసన కొట్టి, చీకట్లో మీ ఆవిడ కేకేస్తే, "మీ అల్లుడు తెచ్చిందేగా" అనండి.