ధనుర్మాసంలో ఎండాకాలం

మురమళ్ళలో చలి అనేది చాలావరకు నమ్మకానికి సంబంధించిన విషయం. ధనుర్మాసంలో తెల్లారగట్ల పాదరసం ఏ పద్దెనిమిదికో దిగితే చాలు, వీధి వీధంతా మంకీ క్యాపులు. కెనడాలో అయితే చలికాలం రాత్రిళ్ళు కారు ఇంజినుకు కరెంటు హీటరు తగిలించి మరీ పడుకుంటారట, తెల్లారి అది కదలాలని. మన పద్దెనిమిది డిగ్రీల సంగతి వింటే వాళ్ళు చొక్కా విప్పి గోదాట్లోకి దూకుతారు. అటువంటి ఊళ్ళో మా కారుకు కోల్డ్ స్టార్ట్ జబ్బు పట్టుకుంది.

కారు 2004 మోడలు. కంపెనీ పేరు అడక్కండి. ఇరవై ఏళ్ళు మమ్మల్ని మోసినదాన్ని పత్రికలో పెట్టి అల్లరి చేయడం మర్యాద కాదు. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతుంది, బండి మాత్రం అందుకోదు. కొట్టగా కొట్టగా ఎప్పటికో ఓ దగ్గు దగ్గి, ఒళ్ళంతా వణికి అందుకుంటుంది. ఒకసారి వేడెక్కిందంటే ఇక దానంత బుద్ధిమంతురాలు లేదు. సాయంత్రం అమలాపురంలో ఆపి, కూరలు కొనుక్కొచ్చి తాళం తిప్పితే పిలవగానే పలుకుతుంది.

మా వైపు వీధిలో బానెట్ ఎత్తడమంటే సభ పెట్టడమే. అధ్యక్షుణ్ణి ఎవరూ ఎన్నుకోరు, అందరూ అధ్యక్షులే. మొదట కొబ్బరికాయల వ్యాపారం చేసే ఎదురింటాయన వచ్చారు.

"బ్యాటరీ పోయిందండి మేస్టారూ. ఆయ్! ఇంకేం లేదు."

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. చాక్‌పీసులతో పాటు ఒక మల్టీమీటరు కూడా నాతోనే రిటైరైంది. పెట్టి చూపించాను. బ్యాటరీ 12.6 వోల్టులు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కూడా పదికి తగ్గలేదు. తొమ్మిదిన్నర కిందికి పడితే అప్పుడు అనుమానించాలి. సముద్రపు ఉప్పుగాలి కదా, ఎర్తు వైరు దగ్గర పచ్చగా చిలుం పట్టింది. అదీ గీకి, తుడిచి బిగించాను. బండి మర్నాడు యథాప్రకారం దగ్గింది. "మీటరు పాతదైపోయిందేమోనండీ" అన్నారాయన, ఓడిపోవడం అలవాటు లేక.

రెండో పక్షం పెట్రోలు పక్షం. ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి కిందకి వస్తుంది, పన్ను తక్కువ, కాబట్టి పెట్రోలు చవక. మా ప్రాంతంలో బండున్నవాడెవడూ ఆ వంతెన ఊరికే దాటడు. "చవకది పోయిస్తే ఇలాగే అవుద్ది" అన్నారొకరు. ఆ అన్నాయన తన మోటారు సైకిలుకు పోయించేదీ అక్కడే. సంక్రాంతి సెలవులకొచ్చిన ఇంజినీరింగు కుర్రాడు ఇంకో అడుగు ముందుకేసి, ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అది చల్లగా ఉన్నప్పుడు ఆవిరవడానికి మొరాయిస్తుంది అన్నాడు. కుర్రాడు చెప్పింది తప్పు కాదు. బ్రెజిల్‌లో పూర్తిగా ఇథనాల్ మీద నడిచే కార్లకు, చలిపూట అందుకోవడానికని బానెట్ కింద బుల్లి పెట్రోలు ట్యాంకు వేరే పెట్టేవారు. కానీ మన పద్దెనిమిది డిగ్రీల్లో ఇరవై శాతం ఇథనాల్ ఇంత రభస చేయదు. పైగా అదే పెట్రోలు పోసుకున్న పక్కింటివాళ్ళ కారు అదే చలిలో ఠక్కున లేస్తోంది. దాంతో పెట్రోలు నిర్దోషి.

మూడోవాడు అంబాసిడర్ల కాలపు డ్రైవరు. ఆయన వైద్యం ఒకటే: "యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి పట్టి కొట్టండి." ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఓపిక పట్టండి.

పెట్రోలు మండదు, పెట్రోలు ఆవిరి మండుతుంది. ఇంజిను చల్లగా ఉంటే లోపలికెళ్ళిన పెట్రోలులో చాలా భాగం ఆవిరి కాకుండా గోడలకు అంటుకుపోతుంది. అందుకని చల్లటి ఇంజినుకు మామూలు కంటే ఎక్కువ పొయ్యాలి. కార్బురేటర్ కాలంలో ఆ పని ఛోక్ చేసేది. డ్యాష్‌బోర్డు కింద పుల్లను లాగేవాళ్ళం. యాక్సిలరేటర్ నాలుగుసార్లు తొక్కితే చిన్న పంపు ఒకటి పిచికారీ కొట్టేది. 1967లో ఫోక్స్‌వ్యాగన్ కారులో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. అలాంటి తొలి పద్ధతుల్లో చలిపూట కోసమే వేరే ఒక ఇంజెక్టరు, దాన్ని వేడిని బట్టి ఆపే స్విచ్చి ఉండేవి. తర్వాత ఇంజినును నడిపే కంప్యూటరు తెలివిమీరి ఆ రెంటినీ పీకేసింది. మనకు 1999 ఏప్రిల్‌లో దిల్లీ పొగ గురించి సుప్రీంకోర్టు యూరో ప్రమాణాలు పాటించమని గట్టిగా చెప్పాక, కొత్త కార్లలో కార్బురేటర్‌కు కాలం చెల్లింది. ఛోక్ పుల్ల కూడా పోయింది.

కొత్త పద్ధతిలో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి తలుపు. పెట్రోలు సంగతి కంప్యూటరు చూసుకుంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, పూర్తిగా నేలకు తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే, లోపల పెట్రోలు ఎక్కువై ముంచేసిందనుకుని చాలా కార్లలో కంప్యూటరు ఇంజెక్టర్లను ఆపేస్తుంది. అంటే డ్రైవరు గారి వైద్యం రోగికి ఉన్న గుక్కెడు కూడా లాగేసుకోవడం. ఈ మాట ఆయనతో అనలేదు. నలభై ఏళ్ళ సర్వీసు మనిషి.

మా ఆవిడ ఇవేవీ వినకుండా నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఆ మర్నాడు కారు కాస్త తొందరగా అందుకుంది. దాంతో వారం రోజులు మా ఇంట్లో ఫిజిక్సుకు నోరు లేదు.

అప్పుడొచ్చాడు మెకానిక్. అతను చూసిన వెంటనే "ప్లగ్గులు మార్చేద్దారండి" అన్నాడు. తర్వాత పెట్రోలు ఫిల్టరు. తర్వాత పంపు. తర్వాత ఇంజెక్టర్లు. జబ్బు తెలియదు గానీ ధరల పట్టిక మాత్రం చిన్నదాన్నుంచి పెద్దదాకా కంఠతా వచ్చు. నేను ప్లగ్గుల దగ్గరే ఆపాను. విప్పి చూస్తే అవి పొడిగా ఉన్నాయి. ఇది పెద్ద సాక్ష్యం. ప్లగ్గులు తడిసి పెట్రోలు వాసన కొడితే నిప్పు లేదనో, పెట్రోలు ఎక్కువైందనో అనుకోవాలి. పొడిగా ఉంటే పెట్రోలే సరిగా రావట్లేదు.

ఎందుకు రావట్లేదు? పంపు లోపలి వాల్వు కారిపోయి రాత్రికి రాత్రి పైపులో ఒత్తిడి పడిపోతే ఇలాగే అవుతుంది. దానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. తాళం ఆన్ చేస్తే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు జుమ్మంటుంది. ఆపి, మళ్ళీ ఆన్ చేసి, అలా రెండు మూడుసార్లు పంపును ఊపిరి పీల్చుకోనిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. టక్కున అందుకుంటే దొంగ దొరికినట్టే. మాది అందుకోలేదు.

ఇక మిగిలింది ఒక్కరు. ఇంజిను నీళ్ళలో ముక్కు ముంచుకుని కూర్చునే టెంపరేచర్ సెన్సారు. ఇంజిను ఎంత చల్లగా ఉందో కంప్యూటరుకు చెప్పేది అదే. లోపల ఉండేది థర్మిస్టరు, చల్లబడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. మామూలుగా ఇరవై డిగ్రీల దగ్గర రెండు వేల ఓములు పైన, ఎనభై దగ్గర మూడొందల చుట్టుపక్కల ఉండాలి. పొద్దున్నే, ఇంజిను తాకకముందే, సెన్సారు వైరు ఊడదీసి మీటరు పెట్టాను. ఆరు వందలు.

అర్థమైందా? ఆరు వందల ఓములంటే సుమారు అరవై డిగ్రీలు. బయట మంచు కురుస్తోంది, వీధిలో మంకీ క్యాపులు తిరుగుతున్నాయి, సెన్సారు మాత్రం ఇంజిను సెగలు కక్కుతోందని కబురు పంపుతోంది. కంప్యూటరు నమ్మి అదనపు పెట్రోలు బంద్ చేసింది. వేడెక్కాక అబద్ధానికీ నిజానికీ తేడా చెరిగిపోతుంది కాబట్టి సాయంత్రాలు ఏ గొడవా లేదు. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిను లైటు ఎందుకు వెలగలేదంటారా? వైరు తెగి నోరు పడిపోతేనో, నమ్మశక్యం కాని లెక్క చెబితేనో కంప్యూటరు కేకలేస్తుంది. ఇది పెళ్ళిళ్ళ పేరయ్య టైపు, నమ్మదగ్గంత మేరకే అబద్ధమాడుతుంది.

అయినా శిక్ష వేసే ముందు విచారణ ఉండాలి కదా. సెన్సారు విప్పి, కాఫీ గిన్నెలో నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టి, థర్మామీటరూ మల్టీమీటరూ తగిలించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఆ గిన్నెలో రేపు మళ్ళీ నేను కాఫీ కాయాలా?" అంది. నీళ్ళు కాగుతున్నా ముల్లు పెద్దగా కదల్లేదు. సెన్సారు చచ్చి చాలా కాలమైంది, అలవాటుగా జవాబిస్తోంది. కొత్తది కొన్ని వందల రూపాయలు. మెకానిక్ పట్టిక చివరిదాకా వెళ్ళుంటే వేలు దాటేది. కొత్తది బిగించిన మర్నాడు కారు తాళం తిప్పగానే లేచింది. కొబ్బరికాయలాయన "ఆయ్, ఆ రోజు ఎర్తు వైరు గీకారు చూశారా, దానికేనండి" అన్నారు. మా ఆవిడ నిమ్మకాయ మార్చింది.

మా ఊరి భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి రోజూ రాత్రి కల్యాణం జరుగుతుంది. పెళ్ళి కుదరాలని కొడుకుల్నీ కూతుళ్ళనీ వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తారు, కొందరు రాత్రికి ఉండిపోతారు. పొద్దున్నే ఏదో ఒక పాత కారు మొరాయించడం, వాళ్ళను చూసి వీధిలో పదిమంది చొక్కా చేతులు పైకి మడిచి తోయడానికి సిద్ధపడటం మామూలే. తోయనివ్వకండి. తోస్తే తీరేది బ్యాటరీ బాధ, సెల్ఫ్ బాధ మాత్రమే. సెల్ఫ్ బాగా తిరుగుతుంటే తోయడం దండగ, మండని పెట్రోలు పోయి సైలెన్సర్ దగ్గరి క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది కూడా. ముందు తాళం రెండుసార్లు ఆన్ చేసి ఆపి పంపు చప్పుడు వినండి, తర్వాత ఒక ప్లగ్గు విప్పి తడో పొడో చూడండి. పొడిగా ఉంటే మా ఇంటికి రండి, మల్టీమీటరు ఉంది. గిన్నె మాత్రం మీరే తెచ్చుకోవాలి.