ఒరిజినల్ పసుపు

(బంజారా హిల్స్, రోడ్ నంబర్ 12. హోమ్ థియేటర్ కోసమని కట్టించుకున్న గది. సోఫాలు బాల్కనీలో ఎండకు ఎండుతున్నాయి. గది మధ్యలో వంద కిలోలు దాటిన పిన్‌బాల్ మిషన్, అద్దం తీసేసి, పొట్ట తెరుచుకుని ఉంది. నుదుటికి లైటు కట్టుకుని దాని మీద వంగినవాడు బావ. అమీర్‌పేటలో జావా నేర్చుకుని, అమెరికాలో దాన్ని డాలర్లు చేసుకుని తిరిగొచ్చినవాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్నవాడు బామ్మర్ది. ఆ జావా సెంటర్లకి ఇప్పటికీ బోర్డులు కొట్టిపెట్టే షాపు ఓనరు.)

బావ: ఆగు! అక్కడే ఆగు. నేల మీద స్క్రూలున్నాయి, వరసలో పెట్టాను.

బామ్మర్ది: ఏదో విరిగిందట, రెండ్రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదని అక్క ఫోన్ చేసింది. కాలో చెయ్యో అనుకుని పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చాను.

బావ: కాలు విరిగితే నిమ్స్ ఉంది. ఇది విరిగితే ఎవరున్నారు రా? చూడు.

(అరచేతిలో దూది. దూది మీద త్రికోణం ప్లాస్టిక్ ముక్క, మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు. విరిగిన మూల పక్కనే వేరే దూది మీద పడుకుని ఉంది.)

బామ్మర్ది: దీనికా ఉపవాసం?

బావ: స్లింగ్‌షాట్ మీద కప్పు ఇది. కింద సాగదీసిన రబ్బరుంటుంది. బంతి తగిలిందంటే కాయిల్ పనిచేసి ఒక్క తన్ను తంతుంది. ఎనభై గ్రాముల స్టీలు బంతి. కాస్త పైకి ఎగిరిందంటే ఈ మూలకే తగులుతుంది. అన్నేళ్లు దెబ్బలు కాసింది పాపం. 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ రా ఇది! ఈ కాలంలో ఇన్ని అమ్ముడైన పిన్‌బాల్ ఇంకోటి లేదు. 20,270 మిషన్లు.

బామ్మర్ది: ఇరవై వేలా! మన చేతక్ స్కూటరు ముందు అదో లెక్కా బావా? నాన్న చేతక్‌ని మాత్రం తుక్కుకింద వేసేయమన్నావు.

బావ: అది స్కూటరు. ఇది హెరిటేజ్.

బామ్మర్ది: ఎవరి హెరిటేజ్? నువ్వు చిన్నప్పుడు పిన్‌బాల్ ఎక్కడ ఆడావు?

బావ: మైత్రీవనం వెనక, కోచింగ్ సెంటర్ ల్యాబులో. విండోస్‌తో వచ్చేది చూడు, స్పేస్ కేడెట్. గంటకో బ్యాచ్, సిస్టమ్‌కి ముగ్గురం. సర్ బోర్డు వైపు తిరిగితే జెడ్ బటనూ స్లాష్ బటనూ నావి. ఎక్స్‌పీ దాకా ఉంది, విస్టాలో తీసేశారు. 64 బిట్‌కి మార్చబోతే బంతి దేనికీ తగలకుండా అడుగుకి జారిపోయిందట. ఎందుకో వాళ్లకి మొదట అంతుపట్టలేదట.

బామ్మర్ది: అంటే ఒరిజినల్ నీకు కంప్యూటర్లోది. దాని డూప్లికేట్ అనుకో, ఈ చెక్క మిషను.

బావ: (వినిపించుకోకుండా) న్యూయార్క్‌లో 1942లో దీన్ని జూదమని నిషేధించారు తెలుసా? మేయరే దగ్గరుండి సుత్తెలతో పగలగొట్టించాడు. 1976లో ఒకాయన అధికారుల ముందు ఆడి, బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి అదే దారిన పంపాడు. ఇది అదృష్టం కాదు, నైపుణ్యమని నిషేధం ఎత్తేశారు.

బామ్మర్ది: మా పేకాట బ్యాచ్‌లో కూడా అందరూ నైపుణ్యమనే అంటారు. 2017లో ఇక్కడ ఆన్‌లైన్ రమ్మీ మూసినప్పుడు వాళ్లకి మాత్రం ఆ ముక్క ముందే చెప్పే ఛాన్స్ దొరకలేదు. సర్లే, ఇందులో ఇంతదాకా ఏమేం మార్చావు?

బావ: ఫ్లిప్పర్లు మార్చాను. వాటి బుష్‌లు మార్చాను. రబ్బర్లన్నీ మార్చాను. బల్బులు పీకి ఎల్ఈడీలు పెట్టాను. కాయిల్స్ లోపల నైలాన్ స్లీవులుంటాయి, ప్లంజరు వాటిలోనే జారుతుంది. అవి అరిగితే ఫ్లిప్పరు, పెళ్లిలో అక్షింతలు వేసే ముసలాయన చెయ్యిలా లేస్తుంది. అవీ మార్చాను. స్లీవు ఒక డాలరు. పోస్టేజీ ముప్పై.

బామ్మర్ది: అన్నీ మార్చాక మిగిలిందేంటి?

బావ: ఈ ప్లాస్టిక్కులు. అందుకే ఏడుస్తున్నాను.

బామ్మర్ది: బాగా వంగినట్టుంది కూడా.

బావ: బల్బుల వేడికి వంగుతుంది. రెండు అద్దాల మధ్య పెట్టి ఓవెన్‌లో సన్నసెగన ఉంచితే సమానమవుతుంది. పెట్టాను.

బామ్మర్ది: ఓహో! మొన్న అక్క చేసిన కేకు స్విచ్‌బోర్డు వాసన వచ్చింది అందుకేనా? ఇలా ఇవ్వు.

(లైటు కిందికి తెచ్చి చూస్తాడు. పైవైపు నున్నగా ఉంది, గీతలు తప్ప ఏమీ లేవు. బొమ్మంతా వెనకవైపు. నలుపు గీత ముందు, రంగులు తరవాత, అన్నిటికీ వెనక తెల్ల పూత. ఒక మూల తెలుపు లేచిపోయి దీపం అందులోంచి పొడుచుకొస్తోంది.)

బామ్మర్ది: స్క్రీన్ ప్రింటింగే ఇది. పెళ్లికార్డుకి తెల్ల కాగితం ముందుంటే దీనికి తెలుపు చివర్న. బొమ్మ అద్దంలోలా తిరగేసి కొట్టాలి. ఈ తెలుపు ఎలా లేచింది?

బావ: స్పిరిట్‌తో తుడిచాను.

బామ్మర్ది: వెనకవైపా! హౌలే పని చేశావు బావా. రంగుంది అక్కడే కదా.

బావ: అందరిలా చెప్పకు. పరిష్కారం చెప్పు.

బామ్మర్ది: స్కాన్ చేస్తా. 600 డీపీఐలో, పక్కన స్కేలు పెట్టి. విరిగిన మూల కంప్యూటర్లో గీసి అతికిస్తా. మా షాపులో యూవీ ప్రింటర్‌కి తెల్ల ఇంకుంది, రంగుల వెనక కొడుతుంది. షీటు మాత్రం ఆక్రిలిక్ వద్దు. బోర్డుకైతే బ్రహ్మాండం, నీ బంతికి మొదటి రోజే పగులుతుంది. పాలికార్బొనేట్ గట్టిది, కానీ లేజర్ పెడితే అంచు నల్లబడుతుంది, రౌటర్‌తో కొయ్యాలి. లేదా పెట్‌జీ. దీనికింద అదే ఆకారంలో రంగులేని ముక్క ఇంకోటి వేద్దాం, మూల కాస్త బయటికొచ్చేలా. దెబ్బ అది తింటుంది.

బావ: ఎంతవుతుంది?

బామ్మర్ది: మూడొందలు.

బావ: (నొచ్చుకుంటూ) మూడొందలేంటి రా? కాస్త సీరియస్‌గా చెప్పు.

బామ్మర్ది: సరే, మూడు వేలు.

బావ: ఆ! అలా అను. ఎప్పటికిస్తావు?

బామ్మర్ది: పొద్దున్నే ఒక సెంటర్‌కి 'వంద శాతం జాబ్ గ్యారంటీ' బోర్డు ఉంది. అది అయ్యాక. అన్నట్టు అందులో గ్యారంటీ అన్న మాట మూడోసారి కొడుతున్నా, ఎండకి ముందు అదే వెలిసిపోతోంది.

బావ: ఇంకో మాట. కొత్తది మరీ తెల్లగా రాకూడదు.

బామ్మర్ది: అంటే?

బావ: మిగతా ప్లాస్టిక్కులన్నీ పసుపెక్కి ఉన్నాయి. వాటి మధ్య ఇది పెళ్లికొచ్చిన ఎన్నారైలా మెరుస్తుంది. కొంచెం పాతగా, ఆ పసుపు… ఒరిజినల్ పసుపు రావాలి.

బామ్మర్ది: డికాషన్‌లో నానబెట్టనా? ఇరానీ హోటల్లో నాకు తెలిసినాయన ఉన్నాడు.

బావ: పనిచేస్తుందా?

(నిజంగానే అడిగాడు. బామ్మర్ది కాసేపు ఏమీ అనలేదు.)

బామ్మర్ది: బావా, అమీర్‌పేటలో మీ ఇంటిని బిల్డర్‌కి ఇచ్చినప్పుడు షాబాద్ బండలు గుర్తున్నాయా? కాళ్లు పెట్టి పెట్టి గుమ్మం దగ్గర గుంటలు పడినవి. వాటిని ఏం చేశారు?

బావ: అవా? పునాదిలో వేశారనుకుంటా. అరిగిపోయాయి కదా రా.

బామ్మర్ది: సత్యం థియేటర్ పోయి ఆ స్థలంలో 2023లో మల్టీప్లెక్స్ వస్తే మొదటి వారమే వెళ్లొచ్చావు.

బావ: సీట్లు బాగున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

(వంటింట్లోంచి బావ తల్లి వస్తుంది. కొంగుకి చేతులు తుడుచుకుంటూ, చంకలో మిక్సీ.)

తల్లి: నాన్నా, మోటారు గుయ్యిమంటోంది కానీ జారు తిరగట్లేదు. నీ దగ్గర ఇన్ని పనిముట్లున్నాయి, ఒక్కసారి చూడరా.

బావ: (తలెత్తకుండా) అమ్మా, అది ఎప్పటి మోడలు! పడేయ్. ఫోన్‌లో ఆర్డర్ పెడతా, పచ్చడి పోపు పెట్టేలోగా కొత్తది గుమ్మంలో ఉంటుంది.

బామ్మర్ది: ఇటివ్వండి అత్తయ్యా. (తిరగేసి చూసి) ఏం కాలేదు. కప్లర్ పళ్లు అరిగిపోయాయి, అంతే. ప్లాస్టిక్ ముక్క. మా షాపు పక్కనే దొరుకుతుంది, యాభై రూపాయలు. సాయంత్రం తెచ్చి బిగిస్తాను.

తల్లి: చల్లగా ఉండు బాబూ. చూసి నల్లదే తే. ఎర్రది ఇస్తారు వాళ్లు. ఎర్రది పెడితే ఎవరి మిక్సీయో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.