బరువు నా మీద వేయండి

నేను ఎడమకాలి స్కీని. గుల్‌మార్గ్‌లో అద్దెకు తిరుగుతాను. పొడవు 165 సెంటీమీటర్లు. వెడల్పు ముక్కు దగ్గర 118 మిల్లీమీటర్లు, నడుము దగ్గర 70, తోక దగ్గర 102. నా విద్యంతా ఆ సన్నని నడుములోనే ఉంది. మంచు మీద బల్లపరుపుగా ఉంచితే నేరుగా జారిపోతాను. పక్కకు వాల్చి బరువు వేస్తే నా ఉక్కు అంచు మంచును కోస్తుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది, ఆ వంపు వెంటే మనిషి తిరుగుతాడు. ఎంత వాలిస్తే మలుపు అంత చిన్నదవుతుంది.

19వ శతాబ్దంలో నార్వేలోని టెలిమార్క్‌లో సోండ్రే నోర్‌హైమ్ నడుము సన్నని స్కీలకు పేరు తెచ్చాడు. 1990లలో స్లొవేనియా కంపెనీ ఎలాన్ ఆ ఒంపును ఇంకా లోతు చేసింది. అప్పటినుంచే మా జాతి పొట్టిదైంది.

కుడికి తిరిగేటప్పుడు బయటి స్కీని నేనే. బరువులో పెద్ద వాటా నాకే రావాలి. కొత్తవాళ్లకు ఇదే కష్టం. కింద లోయ కనపడగానే ఒళ్లు కొండవైపు ఒరుగుతుంది, బరువు మడమల మీదికి పోతుంది. నా ముక్కు తేలిపోతుంది. తేలిన ముక్కుతో నేనెలా తిరగను? అప్పుడు వాళ్లు భుజాలు తిప్పుతారు. నా తోక పక్కకు జారుతుంది తప్ప మలుపు రాదు. భయం వాళ్ల తప్పు కాదు. వాలు మీద ఒళ్లు వెనక్కి లాగడం మనిషికి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. కానీ ఇక్కడ ఆ జాగ్రత్తే పడేస్తుంది. మోకాలి కింది ఎముక బూటు ముందుభాగానికి గట్టిగా ఆనిందా, ఆ క్షణమే నేను మాట వింటాను. ఛాతీని మాత్రం లోయవైపే ఉంచాలి, తిరగాల్సింది కాళ్లు.

ఈ ప్రాంతపు బిడ్డ ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. మగవాళ్లు ఆ పోటీలో వాడే స్కీలు 193 సెంటీమీటర్లకు తగ్గవు, వాటి ఒంపు నా ఒంపుకంటే చాలా తక్కువ. అంత వేగంలోనూ భారం మోసేది బయటి స్కీయే.

అఫర్వత్ శిఖరం దగ్గరి లోతు మంచులో లెక్క మారుతుంది. ఒక్కదాని మీదే బరువు వేస్తే అది కూరుకుపోతుంది, కనుక రెండూ దాదాపు సమానంగా పంచుకోవాలి. నా నడుము అక్కడికి మరీ సన్నం. ఆ పనికి 100 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు స్కీలున్నాయి. నేను కింది వాలుల మీదే, మొదటి మలుపు నేర్చుకునేవాళ్ల కాళ్లకు ఉంటాను.