లింకు మావయ్య

ఊరన్నాక ఒక పురోహితుడు, ఒక సూదిమందు డాక్టరు, ఒక లింకు మావయ్య ఉండాలి. మొదటి ఇద్దరూ లేకపోయినా అండమాన్‌లోని ఫెరార్గంజ్ ఎలాగో సర్దుకుంటుంది. మూడో ఆయన పని మీద పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, చాతం జెట్టీలో ఆఖరి ఫెర్రీ తప్పిపోయాడంటే మాత్రం ఆ శుక్రవారం రాత్రి తెలుగిళ్లలో ఎవరికీ అన్నం సయించదు. కొత్త సినిమా విడుదలైన సాయంత్రం ఆయన గుమ్మం ముందు చెప్పులు చూసినవాళ్లు లోపల పెళ్లిచూపులేమో అనుకుంటారు. వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే: "మావయ్యా, లింకొచ్చిందా?"

మావయ్యకు ఎకరన్నర వక్కతోట, రెండు ఫోన్లు, దారంతో కట్టిన కళ్లజోడు. తాతగారు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చారట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్లు. ఆ పదముగ్గురికీ సినిమా చూపించే బాధ్యత దేవుడు తన మీదే పెట్టాడని మావయ్య నమ్మకం. ఈ ఊరికి పేరు వచ్చింది 1920లలో అండమాన్ చీఫ్ కమిషనర్‌గా చేసిన ఫెరార్ దొర వల్ల. ఆయన సీతాకోకచిలుకలు పట్టి దాచుకునేవాడు. మావయ్య సినిమాలు పడతాడు. దొరకు లేని సుగుణం ఏమిటంటే, పట్టిన పది నిమిషాల్లో ఊరంతటికీ పంచిపెట్టేస్తాడు.

వృత్తి అనకూడదు, పైసా తీసుకోడు. ఇది సేవ. సీడీల కాలంలోనే మొదలైంది. అప్పట్లో వైజాగ్ ఓడ దిగిన చుట్టం సంచిలో ఆవకాయ, పలాస జీడిపప్పు, నాలుగు సీడీలు తప్పనిసరి. ఆవకాయ ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ, ప్రింటెలా ఉందని అడిగేవాళ్లు ఎక్కువ. ముందు సీట్లోవాడి తలకాయ తెర మీద పడకపోతే మంచి ప్రింటు. తలకాయ ఉన్నా అది కదలకపోతే ఫరవాలేదు.

మావయ్య జీవితంలో చట్టప్రకారం నడిచిన ఘట్టం ఒకటుంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ ఒరిజినల్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మడం మొదలుపెట్టింది. బజార్లో దొంగ సీడీకీ దానికీ పెద్ద తేడా లేదు. పైగా రంగుల అట్ట, పాటలు స్పష్టం, మధ్యలో ఆగిపోదు. మావయ్య నిలబడి రెండు నిమిషాలు ఆలోచించి ఒరిజినలే కొన్నాడు. రేటు సరిగ్గా పెడితే మనిషి మారతాడనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఆ సీడీ వీధిలో ఇంటింటికీ తిరిగి, గీతలు పడి, చివరికి పిట్టలు రాకుండా వక్కతోటలో వేలాడిందన్నది వేరే సంగతి. కొన్నాడా లేదా?

తర్వాత పెన్‌డ్రైవుల యుగం. మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇచ్చి సినిమాలు ఎక్కించుకోవడం. ఇంటర్నెట్ లేక కాదు, ఉండీ లేక. ఉపగ్రహం దయతలిచి విదిలించే డేటా మొత్తం దీవులకు చాలాలి. పొద్దున్నే డౌన్‌లోడ్ పెట్టి తోటకెళ్లి, భోజనానికి వచ్చి చూస్తే నాలుగు శాతం. చివరికి చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు, 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. పన్నెండు వందల కోట్ల పైచిలుకు ఖర్చు. పర్యాటకం, చదువులు, వైద్యం అన్నీ బాగుపడతాయన్నారు. మావయ్య ఆ ప్రసంగం ఆసాంతం విని, ఇదంతా తన టెలిగ్రామ్ కోసమేనని గ్రహించి కళ్లు తుడుచుకున్నాడు.

సేవ ఊపందుకున్నాక సిద్ధాంతం కూడా కావలసి వచ్చింది. సిద్ధాంతం ఇదీ: "రేటు నాయంగా పెడితే దొంగ కాపీ ఎవుడు సూస్తాడు బాబూ?" 2024 డిసెంబరులో పుష్ప 2 సినిమా విడుదలకు ముందురోజు ఆటకు టిక్కెట్టు మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చినప్పుడు మావయ్య మండిపడిన తీరు చూడాలి. హైదరాబాదు ఆయన జన్మలో చూడలేదు. అయినా అక్కడి టిక్కెట్టు రేటు ఇక్కడ ఆయన బీపీ పెంచింది.

నేను ఊరుకోలేక అడిగాను: "2021 ఏప్రిల్లో ఆంధ్రాలో జీవో వచ్చింది కదా. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో నేల టిక్కెట్టు 5 రూపాయలు. మరి అప్పుడైనా మానేశావా?"

"వైజాగ్ ఓడ టిక్కెట్టెంతో తెలుసా నీకు? రెండున్నర రోజులు సముద్రం మీద వాంతులు సేసుకుంటూ ఎల్లి, అయిదు రూపాయలిచ్చి సినిమా సూసి రమ్మంటావేటి?"

నా నోట మాట రాలేదు. నిజమే మరి. హాలు దూరంగా ఉన్నవాడికి 5 రూపాయల టిక్కెట్టయినా వేల రూపాయల టిక్కెట్టే. పైగా ఆ 5 రూపాయలతో కరెంటు బిల్లు కూడా రాదని అక్కడ హాళ్లవాళ్లే కొందరు తలుపులు మూసుకున్నారు. 2022 మార్చిలో ప్రభుత్వం మళ్లీ రేట్లు సవరించాల్సి వచ్చింది. న్యాయమైన రేటంటే అమ్మేవాడు బతకాలి, కొనేవాడి గుమ్మం దాకా రావాలి.

సరే, గుమ్మం దాకా వచ్చింది. 2020లో ఆహా యాప్ ఏడాదికి 365 రూపాయలంది, రోజుకో రూపాయి. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడా దిగివచ్చి మొబైల్ ప్లాన్‌ను నెలకు 199 నుంచి 149కి తగ్గించింది. ఇప్పుడేమంటావు మావయ్యా అంటే, ఒక హీరో ఒక యాప్‌లో, ఇంకో హీరో ఇంకో యాప్‌లో ఉంటే ఎంతమందికని కప్పం కట్టాలంటాడు. అందులోనూ అబద్ధం లేదు. ఒక్కటే కట్టుకోమంటే, ఒక్క హీరోకే ఎలా అన్యాయం చేస్తామంటాడు. రోజుకు మూడు టీలు, నాలుగు పాన్లు. రూపాయి దగ్గర మాత్రం సూత్రం అడ్డొస్తుంది.

ఇదే మనిషిని వక్కల వ్యాపారి ముందు చూడండి. కిలోకు రెండు రూపాయలు తగ్గించాడా, మావయ్య కండువా దులిపి నిలబడతాడు. రైతు కష్టానికి గిట్టుబాటు ధర ఉండాలా వద్దా? ఏడాది పొడుగునా చాకిరీ చేస్తే ఊరకే పట్టుకుపోతారా? ఈ ఉపన్యాసం సాగుతున్నంతసేపూ బొటనవేలు మాత్రం ఫోన్ మీద తన పని తాను చేసుకుపోతూ, ఎవరో రెండేళ్లు చాకిరీ చేసిన సినిమాను నలభై ఇళ్లకు పంపుతూ ఉంటుంది. తోటలో ఆరు కొబ్బరికాయలు పోయిన రోజున ఆయన చొక్కా గుండీలు పెట్టుకోకుండానే పోలీస్ స్టేషన్‌కు బయల్దేరాడు.

2025 నవంబరులో దొంగ కాపీల ఐబొమ్మ సైటు నడిపిస్తున్నాడంటూ హైదరాబాదు పోలీసులు ఒకాయన్ను అరెస్టు చేశారు. సోషల్ మీడియాలో సగంమంది తెలుగువాళ్లు పోలీసుల్ని మెచ్చుకోలేదు సరికదా, టిక్కెట్టు రేట్లు చూపించి ఆయన్నే వెనకేసుకొచ్చారు. మావయ్య ఆ రెండు రోజులూ గడ్డం గీసుకోలేదు. 2023లో సినిమా దొంగ కాపీల మీద చట్టం సవరించారు, మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 3 లక్షలకు తక్కువ కాకుండా జరిమానా అని నేను చెబితే చల్లగా విన్నాడు. "నాను తీశానా? వొచ్చింది పంపానంతే" అన్నాడు. ఆ మీదట అస్త్రం ఉండనే ఉంది: 2013లో అత్తారింటికి దారేది సగం సినిమా విడుదలకు ముందే బయటికొచ్చింది, అయినా ఎంత పెద్ద హిట్టు! అంటే లీకు చేసినవాళ్లు నిర్మాతకు మేలే చేశారని ఆయన లెక్క. నిర్మాతకు ఆ వారం నిద్ర పట్టిందా అన్నది లెక్కలో లేదు.

పోలీసుల వల్ల కాని పని రీఛార్జి వల్ల అయింది. ఫోన్ ప్యాకులోనే యాప్ కలిపి ఇవ్వడం మొదలయ్యాక, మావయ్య కోడలే ముందు జారిపోయింది. ఆమె సీరియల్ చూసుకుంటోంది, సినిమా చూసుకుంటోంది, మావగారిని అడగడం లేదు. తర్వాత పక్కింటివాళ్లు. పిల్లలకు తెలుగు చదవడం రాదు, హిందీలో మాటలు కావాలి. యాప్‌లో మీట నొక్కితే హిందీ, మావయ్య కాపీలో దగ్గులూ ఈలలూ. గుమ్మం ముందు చెప్పులు పలచబడ్డాయి. రేటు సరిపోతే దొంగ కాపీ ఎవడూ చూడడని ఇన్నేళ్లూ చెప్పిన మనిషి, తన మాటే నిజమవుతుంటే తట్టుకోలేకపోయాడు. "ఆటిలో సీన్లు కోసేస్తారు, నా దగ్గిర ఫుల్లు" అని కొన్నాళ్లు ప్రచారం చేశాడు. ఎవరూ కదల్లేదు.

చూడలేక, నేనే డబ్బు కడతాను, ఏదో ఒక యాప్ పెట్టించుకో అన్నాను. మావయ్య కళ్లజోడు సర్దుకుని చాలాసేపు ఆలోచించాడు. ధర అడగలేదు. ఏ సినిమాలున్నాయో కూడా అడగలేదు.

"కడితే ఎంతమందికి పంపొచ్చు?"

"పంపకూడదు మావయ్యా. నీ ఇంట్లో నువ్వు చూసుకోవాలి."

"నానొక్కణ్నీ సూసీదానికా!" ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "అంత పిసినారోళ్లకి డబ్బులు కట్టమంటావేటి?"