గడ్డికి పర్యావరణహిత క్షవరం

హైదరాబాద్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ తిరగేసినా ఈతకొలను పక్కనే ‘ఎకో ఫ్రెండ్లీ లాన్’ నవనవలాడుతూ కనిపిస్తుంది. మే నెల ఎండకు బోర్లు ఎండిపోయి, జనం ట్యాంకర్ కోసం ఫోన్ల మీద ఫోన్లు కొడుతున్నా దాని నవనవ తగ్గదు. పర్యావరణమంటే దానికి అంత ప్రేమ.

లెక్క కష్టమేం కాదు. ఎకరం గడ్డికి వారానికి అంగుళం నీళ్లు పెడితే లక్ష లీటర్ల పైమాటే. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 20. ‘మేం పోసేది ఎస్టీపీలో శుద్ధిచేసిన మురుగునీళ్లేనండీ’ అంటారు సంఘం కార్యదర్శిగారు. సంతోషం. ఆ నీళ్లనే ఫ్లష్ ట్యాంకులకు పంపితే మంచినీళ్లు మిగులుతాయి కదా అంటే, దానికి మళ్లీ పైపులు వేయాలట! స్ప్రింక్లర్ల పైపులు మాత్రం బ్రోచర్ కంటే ముందే పడ్డాయి.

ఇక క్షవరం. పెట్రోలు మిషన్ పాపం కాబట్టి బ్యాటరీ మిషన్ వచ్చింది. పొగ రాదు. వచ్చే పొగేదో కరెంటు తయారయ్యే కొత్తగూడెంలోనో రామగుండంలోనో వస్తుంది, అక్కడివాళ్లు మన వాట్సాప్ గ్రూపులో లేరు. నిజం ఒప్పుకోవాలి, పెట్రోలు మిషన్ కంటే ఇది మేలే. అది గంట తిరిగితే వచ్చే స్మాగ్ కాలుష్యం కారు 300 మైళ్లు నడిపినంత అని కాలిఫోర్నియా వాయు వనరుల మండలే లెక్కగట్టింది. అయితే గొడవ మిషన్‌తో కాదు. నీళ్లూ ఎరువూ పోసి పెంచుతాం, పెరిగిందని కోస్తాం, కోతకు నీరసించిందని మళ్లీ ఎరువు వేస్తాం. యూరియా బదులు వర్మీకంపోస్ట్ చల్లితే ఈ చక్రం తిరగడం ఆగిపోతుందా?

గడ్డి కోసే యంత్రాన్ని 1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ తయారుచేశాడు. ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఊహ వచ్చింది. ఏడాది పొడుగునా చినుకు పడే దేశం, గడ్డి దానంతటదే పెరుగుతుంది, కోయక తప్పదు. మనం దక్కను రాతినేల మీద ఎర్రమట్టి పోయించి, కడియం నర్సరీల నుంచి గడ్డి చాపలు లారీల్లో తెప్పించి, పెరగనన్నదాన్ని బతిమాలి పెంచి మరీ కోస్తున్నాం. జూదానికి పేరుపడ్డ లాస్ వెగాస్‌లో కూడా ఇంత జూదం వద్దనుకున్నారు. ఎవరూ అడుగుపెట్టని అలంకారపు గడ్డికి కొలరాడో నది నీళ్లు 2026 తర్వాత పోయకూడదని ఆ ఊరున్న నెవాడా రాష్ట్రం 2021లోనే చట్టం చేసింది.

ఆ లాన్‌లో అడగకుండా పుట్టేవీ కొన్ని ఉంటాయి: పాయలకూర, గలిజేరు, తుంగ, గరిక. వీటికి ట్యాంకరూ అక్కర్లేదు, వర్మీకంపోస్టూ అక్కర్లేదు. కాబట్టి ఇవి కలుపు. పాలమూరు నుంచి వచ్చిన కూలీ అమ్మ రోజంతా వంగి వీటిని పీకుతుంది, పోతూపోతూ ఇంత గలిజేరు కొంగులో కట్టుకుంటుంది. ఎకరం నేల ఏడాదంతా పెట్టే తిండి అదొక్కటే. వినాయక చవితి నాడు ఇదే సంఘం సభ్యులు బజారులో గరిక కట్ట బేరమాడతారు.

వీటన్నిటినీ మించిన ఎకో ఫ్రెండ్లీ సరుకు ప్లాస్టిక్ గడ్డి. నీళ్లక్కర్లేదు, కోత అక్కర్లేదు, పురుగు కూడా దరిచేరదు! మధ్యాహ్నం అరికాళ్లు చుర్రుమంటాయి కాబట్టి చల్లార్చడానికి మాత్రం నీళ్లు చల్లాలి.

మీ కమ్యూనిటీ వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో లాన్‌కైన నీళ్లు, కరెంటు, ఎరువు, కూలి ఖర్చు విడిగా రాసి చూపించమని అడగండి. ‘గడ్డి మీద నడవరాదు’ అన్న బోర్డు ఖర్చు కూడా అందులో కలపమనండి.